గాల్‌బ్లాడర్ తీసేశాక క్యాన్సర్ అని తేలితే మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని, తరచూ నొప్పి వస్తోందని మూడు వారాల క్రితం ల్యాపరోస్కోపీ పద్ధతిలో గాల్‌బ్లాడర్ తీసేశారు. రెండో రోజుకే ఇంటికి వచ్చేసింది. కుట్లు చూపించుకోవడానికి వెళ్తే బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టారు. అందులో అడినోకార్సినోమా (ఒక రకం క్యాన్సర్), పీటీ1బి, సిస్టిక్ డక్ట్ మార్జిన్ నెగటివ్ అని ఉంది. లివర్‌లో కొంత ముక్క, చుట్టుపక్కల లింఫు గ్రంథులు కూడా తీయాలని, ఇలాంటి ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రికి వెళ్లమని సర్జన్ గారు చెప్పారు. స్కాన్‌లో మాత్రం ఏమీ కనపడలేదు. ‘గాల్‌బ్లాడరే లేనప్పుడు ఇంకా కోయడం దేనికి? కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అని మా పెద్దమ్మ వాళ్లు అంటున్నారు. అమ్మకు విషయం ఇంకా చెప్పలేదు. ఈ ఆపరేషన్ నిజంగా అవసరమా? అమ్మ ఎన్నాళ్లు బతుకుతుంది? ఏడాది క్రితం స్కాన్‌లో నాకూ రాళ్లున్నాయని తేలింది. నాకు నొప్పేమీ లేదు. నేను కూడా తీయించుకోవాలా?

జవాబు: అవసరమేనమ్మా. పెద్ద ఆపరేషన్‌ను తట్టుకునే ఆరోగ్యం మీ అమ్మగారికి ఉంటే రెండో ఆపరేషన్ చేయించండి. మీ సర్జన్ గారు సరైన మాటే చెప్పారు. తన చేతిలో పని కాదనుకుని, అనుభవమున్న చోటికి వెళ్లమనడం ఇంకా మంచి మాట. అలాగని రాత్రికి రాత్రే పరుగెత్తాల్సిన పని లేదు. ఆపరేషన్‌కు ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటికి సరిపడా సమయం మీ చేతిలో ఉంది.

గాల్‌బ్లాడర్ క్యాన్సర్ సాధారణంగా చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. కామెర్లు వచ్చాకో, బరువు తగ్గిపోయాకో, కడుపులో గడ్డ చేతికి తగిలాకో బయటపడుతుంది. అప్పటికి చాలామందిలో ఆపరేషన్‌కు వీలుండదు. ఈ జబ్బుకు అంత చెడ్డ పేరు రావడానికి కారణం అదే. ఇంటర్నెట్‌లో కనిపించి భయపెట్టే అంకెల్లో ఎక్కువ భాగం అలా ఆలస్యంగా తెలిసినవాళ్లవే. మీ అమ్మగారిది వేరే దారి. రాళ్ల కోసం తీసిన గాల్‌బ్లాడర్‌ను పరీక్షకు పంపితే, ఎవరూ అనుకోని చోట, ఎవరూ అనుకోనంత తొందరగా దొరికింది. రాళ్ల కోసం చేసే ఆపరేషన్లలో నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువ మందికో ఇలా తేలుతుంది. విన్న రోజున పిడుగులా ఉంటుంది, నిజమే. కానీ ఈ జబ్బులో పూర్తిగా నయమయ్యేవాళ్లలో చాలామంది ఇలా బయటపడినవాళ్లే.

ఇప్పుడు రిపోర్టులోని ‘టీ1బి’ సంగతి. మొత్తం నిర్ణయం దాని మీదే నిలబడి ఉంది. గాల్‌బ్లాడర్ గోడ చాలా పల్చన, మామూలుగా 3 మిల్లీమీటర్లకు మించదు. లోపల పైత్యరసం తగిలే సన్నని పొర, దాని కింద కాస్త మెత్తని కణజాలం, తర్వాత పల్చటి కండర పొర, ఆ తర్వాత కొవ్వు, రక్తనాళాలు ఉండే వదులైన పొర. క్యాన్సర్ లోపలి పొరలోంచి బయలుదేరి బయటికి దిగుతుంది. కండరం దాకా రాకుండా ఆగితే టీ1ఎ. కండరంలోకి వచ్చి అక్కడ ఆగితే టీ1బి. కండరం దాటి వదులు పొరలోకి దిగితే టీ2. గోడను పూర్తిగా చీల్చుకుని బయటికొచ్చినా, లివర్‌లోకి వెళ్లినా టీ3. అంటే టీ1ఎకీ టీ2కీ మధ్య తేడా మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లే, మనిషి భవిష్యత్తులో తేడా మాత్రం చాలా పెద్దది. ముందున్న ‘పీ’ అక్షరానికి అర్థం, ఇది స్కాన్ చూసి వేసిన అంచనా కాదు, తీసిన అవయవాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పాథాలజిస్టు తేల్చిన లోతు అని.

టీ1ఎ అయ్యుంటే మీకు ఇంత పెద్ద ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. గాల్‌బ్లాడర్‌ను చిరగకుండా మొత్తంగా తీసేస్తే అక్కడితో వైద్యం అయిపోయినట్టే. అలాంటివాళ్లలో 95 శాతానికి పైగా ఐదేళ్ల తర్వాత కూడా బాగుంటారు. ఆ దశలో లింఫు గ్రంథులకు పాకడం చాలా అరుదు.

కండరంలోకి దిగాక లెక్క మారుతుంది. టీ1బిలో సుమారు 10 నుంచి 20 శాతం మందికి దగ్గర్లోని లింఫు గ్రంథుల్లో అప్పటికే క్యాన్సర్ కణాలు చేరి ఉంటాయి. టీ2కు వచ్చేసరికి ఇది మూడో వంతు దాకా, కొన్ని లెక్కల్లో సగం దాకా కూడా ఉంటుంది. ఆ గ్రంథులు గాల్‌బ్లాడర్‌తో పాటు బయటికి రాలేదు, ఇప్పటికీ అమ్మగారి కడుపులోనే ఉన్నాయి. పైత్యనాళం వెంబడి, లివర్‌కు వెళ్లే రక్తనాళాల చుట్టూ, క్లోమం తల వెనకాల ఉంటాయవి. మీ పెద్దమ్మగారి ప్రశ్నకు జవాబు ఇదే. తీసేసింది గాల్‌బ్లాడర్‌ను మాత్రమే. దాని నుంచి కాలువల్లాంటి సన్నటి నాళాలు వెళ్లి కలిసే గ్రంథుల్లో ఏముందో ఇంకా ఎవరూ చూడలేదు.

స్కాన్ శుభ్రంగా ఉంది కదా అంటారేమో. గ్రంథి లోపల ఉన్న కొద్దిపాటి కణాలు ఏ స్కాన్‌కూ దొరకవు. గ్రంథి పెరిగి పెద్దదైతేనే సీటీలో అనుమానం వస్తుంది. ‘సిస్టిక్ డక్ట్ మార్జిన్ నెగటివ్’ అన్నది కూడా మంచి వార్తే, కాదనను. గాల్‌బ్లాడర్ నుంచి బయల్దేరే సన్నటి నాళాన్ని కోసిన అంచులో క్యాన్సర్ లేదని దాని అర్థం. అంతవరకే. లివర్‌కు అతుక్కుని ఉన్న వైపు గురించి గానీ, గ్రంథుల గురించి గానీ అది ఏమీ చెప్పదు.

లివర్ ముక్క ఎందుకో కూడా చెప్తాను, ఎందుకంటే కుటుంబాలను ఎక్కువ భయపెట్టేది ఈ మాటే. గాల్‌బ్లాడర్‌కు కడుపు వైపు బయటి కప్పు ఉంటుంది. లివర్‌కు ఆనుకున్న వైపు ఆ కప్పు ఉండదు, గోడ నేరుగా లివర్‌కు అతుక్కుని ఉంటుంది. రాళ్ల కోసం ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్ గాల్‌బ్లాడర్‌ను లివర్ మీద నుంచి ఒలిచినట్టు వేరు చేస్తారు. ఆ వేరు చేసే దారి సరిగ్గా ఇందాక చెప్పిన వదులు పొరలోంచే వెళ్తుంది. కాబట్టి ఆ పొర కొంత గాల్‌బ్లాడర్‌తో వస్తుంది, కొంత లివర్ మీదే ఉండిపోతుంది. రాళ్లకైతే అందులో ఏ దోషమూ లేదు. క్యాన్సర్ ఆ లోతుకు చేరి ఉంటే మాత్రం కొన్ని కణాలు అక్కడే మిగిలే ప్రమాదముంది. చిన్న చిన్న సిరలు కూడా గాల్‌బ్లాడర్ నుంచి నేరుగా లివర్‌లోకి వెళ్తాయి. అందుకే గాల్‌బ్లాడర్ ఆనుకుని ఉన్న చోట లివర్‌ను 2, 3 సెంటీమీటర్ల మందాన, లేదా 4బి, 5 అని పిలిచే రెండు భాగాలను తీస్తారు. మొత్తం లివర్‌లో ఇది కొద్ది భాగమే. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఆ లోటును సులువుగా భరిస్తుంది.

టీ1బికి రెండో ఆపరేషన్ కావాలా అన్నదాని మీద వైద్యుల్లో వందకు వంద శాతం ఏకాభిప్రాయం లేదు, ఇది మీ దగ్గర దాచను. గాల్‌బ్లాడర్ మాత్రమే తీసినా ఫలితాలు దాదాపు సమానంగానే ఉన్నాయని చెప్పిన పరిశోధనలూ ఉన్నాయి. అయినా ప్రధాన వైద్య మార్గదర్శకాలు ఆపరేషన్ వైపే మొగ్గుతాయి, నా మాటా అదే. గ్రంథుల్లో జబ్బు ఉన్న ఆ పది, ఇరవై మందిలో మీ అమ్మగారు ఉన్నారో లేరో ఆపరేషన్ చేయకుండా తెలుసుకునే మార్గం లేదు. జబ్బు మళ్లీ వచ్చాక నయం చేయడం చాలా కష్టం. 85 ఏళ్లు దాటి, గుండె బలహీనంగా ఉండి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషికైతే నేను ఇంత గట్టిగా చెప్పను. 57 ఏళ్ల మనిషికి, ఇతర పెద్ద జబ్బులు లేకపోతే, చెప్తాను.

ఈ లోపు మీరు చేయాల్సిన మొదటి పని పాత ఆసుపత్రి నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకులు (గాల్‌బ్లాడర్ ముక్కలను మైనంలో భద్రపరిచినవి) అడిగి తీసుకోవడం. అవి రోగికి ఇచ్చే అలవాటు ఉన్నదే, మొహమాటపడకండి. క్యాన్సర్ చూసే పాథాలజిస్టు వాటిని మళ్లీ చదవాలి. ఇది మొదటి రిపోర్టు మీద అనుమానంతో కాదు. గాల్‌బ్లాడర్ లోపలి పొర కొన్నిచోట్ల కండరంలోకి, దాన్ని దాటి కూడా గుంటల్లా దిగి ఉంటుంది. క్యాన్సర్ ఆ గుంటల్లో పాకితే ఎంత లోతుకు దిగిందో తేల్చడం అనుభవజ్ఞులకే కష్టం. రాళ్ల కేసు అనుకుని మొదట రెండు మూడు ముక్కలే పరీక్షించి ఉంటే, మిగతా గోడలో ఇంకా లోతుగా దిగిన చోటు ఉండవచ్చు. రెండోసారి చూశాక టీ1బి టీ1ఎ అయితే ఆపరేషనే తప్పుతుంది. టీ2 అయితే వాయిదా వేసే ఆలోచనే మానేస్తారు. క్యాన్సర్ లివర్ వైపు గోడలో ఉందా, కడుపు వైపు గోడలో ఉందా అని కూడా అడగండి. టీ2 అయిన పక్షంలో ఆ తేడా ముఖ్యం, లివర్ వైపు ఉన్నవాటికి జాగ్రత్త ఎక్కువ కావాలి.

రెండో పని, మొదటి ఆపరేషన్ నోట్సు సంపాదించడం. గాల్‌బ్లాడర్ చిరిగి పైత్యం కడుపులో ఒలికిందా? సంచిలో పెట్టి బయటికి తీశారా, నేరుగా లాగారా? ఈ రెండు విషయాలూ కొత్త సర్జన్‌కు కావాలి. ఒలికిన పైత్యంలో క్యాన్సర్ కణాలు ఉంటే కడుపు లోపలి పొర మీద, రంధ్రాలు పెట్టిన చోట జబ్బు మళ్లీ కనపడే అవకాశం పెరుగుతుంది. మీ వాళ్లు ‘కత్తి తగిలితే పాకుతుంది’ అంటున్న భయానికి ఏదైనా ఆధారం ఉందంటే అది ఇంతవరకే. కత్తి వల్ల క్యాన్సర్ పాకదు. క్యాన్సర్ ఉన్న గాల్‌బ్లాడర్ చిరిగితే కణాలు ఒలకవచ్చు. రెండో ఆపరేషన్‌లో గ్రంథులను, లివర్ ముక్కను చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలంతో కలిపి తీస్తారు కాబట్టి ఆ ప్రశ్న రాదు. నోట్సు అడిగేటప్పుడు మొదటి సర్జన్‌తో గొడవ పెట్టుకోకండి. రాళ్లని చేసిన ఆపరేషన్‌లో పైత్యం ఒలకడం జరుగుతూనే ఉంటుంది, లోపల క్యాన్సర్ ఉందని ఆయనకు తెలియదు.

ఛాతీకి, కడుపుకు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ ఉండాలి. అల్ట్రాసౌండ్ ఒక్కటే చేసి ‘ఏమీ లేదు’ అని ఉంటే అది చాలదు. కొందరికి ఎంఆర్ఐ, పెట్ స్కాన్ కూడా అడుగుతారు. పెట్‌లో గాల్‌బ్లాడర్ తీసిన చోట వెలుగు కనిపిస్తే వెంటనే కంగారు పడకండి, ఈమధ్యే చేసిన ఆపరేషన్ గాయం మానుతున్నప్పుడు కూడా అలాగే వెలుగుతుంది.

ఎప్పుడు చేయాలి అంటే, మొదటి ఆపరేషన్ జరిగిన 4 నుంచి 8 వారాల మధ్య చేయించుకున్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ కాలం బతికారని అమెరికాలోని పలు ఆసుపత్రుల వివరాలతో 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మరీ ముందు చేస్తే లోపల వాపు ఉండి పని కష్టమవుతుంది, మరీ ఆలస్యమైతే జబ్బుకు సమయం ఇచ్చినట్టవుతుంది. మీకు మూడు వారాలు గడిచాయి. స్లైడ్లు, స్కాన్, మత్తు డాక్టర్ పరీక్షలు అన్నీ ముగించుకుని సరైన సమయానికి ఆపరేషన్ టేబుల్ మీదికి చేరవచ్చు. మంచి రోజులు కావని, ఇంట్లో పెళ్లుందని నెలల తరబడి మాత్రం జరపకండి.

ఆపరేషన్ థియేటర్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. చాలామంది సర్జన్లు ముందు చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి కడుపంతా చూస్తారు. స్కాన్‌కు దొరకని చిన్న మచ్చలు లివర్ మీదో, లోపలి పొర మీదో ఉంటే అక్కడే తెలుస్తాయి. అలా ఉంటే పెద్ద కోత పెట్టకుండానే ఆపేస్తారు. టీ1బిలో ఇలా జరగడం అరుదు. తర్వాత దూరంగా, వెన్నెముక ముందున్న పెద్ద రక్తనాళాల మధ్య గ్రంథుల్లోంచి అనుమానమున్న దాన్ని తీసి అప్పటికప్పుడు పరీక్షిస్తారు. ఆ పైన దగ్గరి గ్రంథులు, లివర్ భాగం. పైత్యనాళాన్ని ప్రతివాళ్లకూ తీయరు. సిస్టిక్ డక్ట్ అంచులో క్యాన్సర్ ఉంటేనే దాని గురించి ఆలోచిస్తారు, మీ అమ్మగారికి ఆ అంచు శుభ్రంగా ఉంది. మొదటి ఆపరేషన్ రంధ్రాల చోట చర్మాన్ని కోసి తీయడం ఒకప్పుడు చేసేవారు. దానివల్ల ఆయుష్షు పెరగదని తేలాక ఇప్పుడు మామూలుగా చేయడం లేదు.

గ్రంథులు కనీసం 6 అయినా తీసి పరీక్షించాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క. రెండు మూడే చూసి ‘గ్రంథులు శుభ్రం’ అంటే ఆ మాట మీద పూర్తిగా ఆధారపడలేం. కొత్త సర్జన్‌ను కలిసినప్పుడు రెండు ప్రశ్నలు ధైర్యంగా అడగండి: ఇలాంటి ఆపరేషన్లు మీ దగ్గర క్రమం తప్పకుండా జరుగుతాయా, గ్రంథులు ఎన్ని తీస్తారు? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. కోత పెట్టి చేస్తారా, ల్యాపరోస్కోపీలోనా, రోబోతోనా అన్నది దీని తర్వాతి సంగతి. ఏ పద్ధతిలో చేసినా లోపల తీయాల్సింది ఒకటే.

మొదటిసారిలా రెండో రోజుకే ఇంటికి రావడం ఈసారి కుదరదు. వారం అటూ ఇటూ ఆసుపత్రిలో ఉండాలి. కడుపులోంచి ఒక డ్రెయిన్ గొట్టం బయటికి ఉండవచ్చు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, లివర్ కోసిన చోటు నుంచి పైత్యం కారడం వంటి ఇబ్బందులు కొందరికి వస్తాయి. పైత్యం కారడం చాలాసార్లు గొట్టం ఉంచితే తనంతట తానే ఆగుతుంది. ప్రాణాపాయం అనుభవమున్న చోట తక్కువ, సున్నా మాత్రం కాదు. నీరసం తగ్గి మామూలు పనుల్లో పడటానికి నెల, నెలన్నర పడుతుందని ముందే అనుకోండి.

‘ఎన్నాళ్లు బతుకుతుంది’ అని అడిగారు. అలా అడగడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో నాకు తెలుసు. టీ1బిలో సరైన ఆపరేషన్ జరిగి, గ్రంథులు శుభ్రంగా ఉంటే, అనుభవమున్న ఆసుపత్రుల లెక్కల్లో ఐదేళ్లు దాటి జీవించేవారు సాధారణంగా 80 నుంచి 90 శాతం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. ఐదేళ్లు అనేది గడువు కాదు. ఆ మాటను చాలామంది ‘ఐదేళ్లే బతుకుతారు’ అని పొరబడతారు. జబ్బు తిరిగి వచ్చేదైతే ఎక్కువగా మొదటి రెండేళ్లలో వస్తుంది కాబట్టి, ఐదేళ్లు దాటినవాళ్లను దాదాపు గట్టెక్కినట్టే చూస్తాం. స్లైడ్లు మళ్లీ చదివాక టీ2 అని తేలితే, పూర్తి ఆపరేషన్ తర్వాత గ్రంథులు శుభ్రంగా ఉన్నవాళ్లలో ఈ లెక్క దాదాపు 60 నుంచి 80 శాతం మధ్య ఉంటుంది. గ్రంథుల్లో జబ్బు దొరికితే అది మూడో స్టేజీ లెక్కలోకి వస్తుంది, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథుల్లో ఉంటే ఇంకా పైకి. అప్పుడు అవకాశాలు బాగా తగ్గుతాయి, కానీ తలుపు మూసుకుపోదు.

కీమో కావాలా లేదా అన్నది రెండో ఆపరేషన్ రిపోర్టు వచ్చాకే తేలుతుంది. గ్రంథులు శుభ్రంగా ఉన్న టీ1బికి సాధారణంగా అక్కర్లేదు. టీ2 అయినా, గ్రంథుల్లో కణాలున్నా క్యాపెసిటబిన్ మాత్రలు ఆరు నెలలు ఇస్తారు. బ్రిటన్‌లో జరిగి 2019లో ప్రచురితమైన బిల్‌క్యాప్ అనే పరిశోధనలో పైత్యనాళ, గాల్‌బ్లాడర్ క్యాన్సర్లకు ఆపరేషన్ అయినవాళ్లలో ఈ మాత్రలు వాడినవాళ్లు సగటున ఎక్కువ కాలం బతికారు, సుమారు 36 నెలల నుంచి 51 నెలలకు తేడా కనిపించింది. ఆ పరిశోధనలో వేర్వేరు దశలవాళ్లు ఉన్నారు, అందుకని ఆ నెలలను మీ అమ్మగారికి అన్వయించుకోకండి. చికిత్స ముగిశాక మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఇంకాస్త ఎడంగా పరీక్షలు, స్కాన్లు ఉంటాయి.

అమ్మగారికి చెప్పలేదన్నారు. చెప్పండి. ‘మళ్లీ కొంచెం క్లీన్ చేయాలట’ అని పెద్ద ఆపరేషన్‌కు తీసుకెళ్లడం కుదరని పని. ఆవిడ సంతకం పెట్టాలి, మత్తు డాక్టర్ అడిగినవాటికి జవాబు చెప్పాలి, డ్రెయిన్ గొట్టంతో వారం రోజులు ఓపిక పట్టాలి. దేనికోసమో తెలియని మనిషికి ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? క్యాన్సర్ క్లినిక్ బోర్డు ఆవిడ కూడా చదువుతారు. అందరూ గుమిగూడి చెప్పకండి. ఆవిడకు ఎవరి దగ్గర చనువు ఎక్కువో వాళ్లు పక్కన కూర్చుని, చాలా తొందరగా దొరికింది, ఇంకో ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉంది అని ఉన్నదున్నట్టు చెప్తే చాలు. రెండూ నిజాలే, కల్పించి చెప్పాల్సింది ఏమీ లేదు. అంకెలు ఆవిడ అడిగితేనే చెప్పండి. మీ పెద్దమ్మగారిని కూడా ఒకసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తన ప్రశ్న తాను అడిగి జవాబు విన్నాక ఇంట్లో మీకు అండగా నిలబడేది ఆవిడే అవుతారు.

ఇక మీ రాళ్ల సంగతి. గాల్‌బ్లాడర్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి రాళ్లుంటాయి, కానీ రాళ్లున్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పటికీ క్యాన్సర్ రాదు. అందుకే నొప్పి లేని రాళ్లకు మామూలుగా ఆపరేషన్ చెప్పం. మీ విషయంలో తల్లికి ఈ జబ్బు ఉందన్నది ఒక అదనపు అంశం. రక్తసంబంధీకులకు ప్రమాదం కాస్త ఎక్కువ ఉంటుంది. ఏడాది పాత స్కాన్ మీద ఆధారపడకుండా కొత్తగా అల్ట్రాసౌండ్ చేయించుకుని, అమ్మగారి రిపోర్టుతో సహా సర్జన్‌కు చూపించండి. రాయి 3 సెంటీమీటర్లు దాటినా, 1 సెంటీమీటరు లేదా అంతకన్నా పెద్ద పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే కండ) ఉన్నా, గోడ ఒకచోట మందంగా కనిపించినా, గోడలో కాల్షియం పేరుకున్నా నొప్పి లేకపోయినా తీయించుకోవడమే మంచిది. ఇవేవీ లేకపోతే తీయించుకోవాలా, ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలా అన్నది సర్జన్‌తో కూర్చుని తేల్చుకోవచ్చు, తొందరేమీ లేదు. ఎప్పుడు తీయించుకున్నా దాన్ని తప్పకుండా బయాప్సీకి పంపమని ముందే చెప్పండి, ఆ రిపోర్టు మీ చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.